ఖాతా నంబర్ల చివర సున్నాలు: తప్పు మీదా, ఎక్సెల్‌దా?

ప్రశ్న: నేనో చిన్న సంస్థలో ఆఫీసు పనులన్నీ చూసుకుంటాను. సభ్యుల పేర్లు, చిరునామాలు, ఫోన్ నంబర్లు, ఎవరికి ఎంత చెల్లించాలి, ఎవరు ఎప్పుడు సెలవు పెట్టారు, చివరికి మీటింగుల్లో ఏం మాట్లాడుకున్నామో కూడా ఎక్సెల్‌లోనే రాసి పెడతాను. నాకు బాగా చేతనైంది అదొక్కటే. ఈ మధ్య కొత్తగా చేరిన ఓ అబ్బాయి అందరి ముందూ "ఎక్సెల్ ఉన్నది దీనికి కాదు మేడమ్, మీరు దాన్ని తప్పుగా వాడుతున్నారు" అన్నాడు. ఆ మాట మనసులో ఉండగానే, చెల్లింపుల షీట్‌లో బ్యాంకు ఖాతా నంబర్లు చాలావాటికి చివరి అంకె సున్నాగా మారిపోయి కనిపించింది. నేను జాగ్రత్తగానే టైప్ చేశాను. మా మేనేజర్ మాత్రం నేనే తప్పు కొట్టానంటున్నారు. నిజంగా నా తప్పేనా? ఇన్నేళ్లుగా పెట్టుకున్నదంతా తీసేసి ఇంకేదో నేర్చుకోవాలా? రాత్రిళ్లు ఇదే టెన్షన్. (పేరు వద్దన్న ఓ పాఠకురాలు)

సమాధానం: ముందు ఒక పని చేయండి, మిగతాదంతా తర్వాత చదవొచ్చు. ఆ షీట్ చూసి ఎవరికీ డబ్బు పంపకండి, పంపే పని వేరేవాళ్లదైతే వాళ్లకి ఇప్పుడే చెప్పండి. ఆ ఫైల్‌కి ఒక కాపీ తీసుకుని, ఏం చేసినా ఆ కాపీలోనే చేయండి, అసలుదాన్ని అలాగే ఉంచండి. సరిచేయాలన్న తొందరలో ఇంకా పాడు చేసుకోవడం చాలా సులువు, పైగా జరిగిందేమిటో మీ మేనేజర్‌కి చూపించడానికి మీ దగ్గరున్న సాక్ష్యం అదే.

ఇక మీరు అడిగిన మాట. ఆ సున్నాలు మీరు కొట్టినవి కావు. ఎక్సెల్ ఒక సంఖ్యలో మొదటి 15 అంకెలనే ఉంచుకుంటుంది. 16వ అంకె నుంచి మీరు ఏం కొట్టినా దాని స్థానంలో సున్నా పెట్టేస్తుంది. 1234567890123456 అని కొట్టి ఎంటర్ నొక్కితే లోపల మిగిలేది 1234567890123450. 17 అంకెలుంటే చివరి రెండూ పోతాయి, 18 ఉంటే చివరి మూడూ పోతాయి. సెల్‌లో అది 1.23457E+15 లాంటి వింత రూపంలో కనిపిస్తే, చాలామంది ఇది చూపించే పద్ధతే కదా అనుకుని ఫార్మాట్ మార్చేసి ఊరుకుంటారు, అప్పుడు నంబరు మామూలుగానే కనిపిస్తుంది కాబట్టి అంతా బాగున్నట్టే ఉంటుంది. కానీ అంకె పోయింది ఎంటర్ నొక్కిన క్షణంలోనే. తర్వాత టెక్స్ట్‌గా మార్చినా తిరిగి రాదు, ఎందుకంటే అది ఆ ఫైల్‌లో ఎక్కడా మిగల్లేదు. కాబట్టి ఏదో ఒక ఫార్ములాతో వెనక్కి తెప్పించొచ్చని ఎవరైనా చెబితే నమ్మకండి. సభ్యులు ఇచ్చిన కాగితాలు, మెయిళ్లు, బ్యాంకు నుంచి వచ్చిన అసలు ఫైళ్లు, వీటిలోంచి మళ్లీ ఎక్కించుకోవాల్సిందే.

మీ మేనేజర్‌ని ఒప్పించడానికి వాదన అక్కర్లేదు. ఆ కాలమ్‌లో 15 అంకెలకు మించిన నంబర్లన్నీ ఒక పక్కకి తీసి చూపించండి. మనిషి టైపింగులో తప్పు చేస్తే ఒక చోట రెండు అంకెలు అటూఇటూ అవుతాయి, ఇంకో చోట ఒక అంకె ఎగిరిపోతుంది, మరో చోట పక్క మీట నొక్కుతాం, ఏ రెండు తప్పులూ ఒకేలా ఉండవు. ఇక్కడ పొడవైన ప్రతి నంబరూ సరిగ్గా ఒకే స్థానం దగ్గర సున్నా అయింది. అంత క్రమశిక్షణతో ఎవరూ పొరబడలేరు. అయినా నమ్మకపోతే ఖాళీ షీట్ తెరిచి, ఆయన్నే 16 అంకెల నంబరొకటి కొట్టి చూడమనండి.

ఇది ఎందుకు జరుగుతుందో తెలిస్తే మిగతా తలనొప్పులు కూడా సగం తగ్గుతాయి కాబట్టి కాస్త వివరంగానే చెబుతాను. ఎక్సెల్‌కి మీరిచ్చింది ఖాతా నంబరని తెలియదు. అంకెలు కనిపించాయి కాబట్టి ఇదేదో లెక్క చేయాల్సిన పరిమాణం అనుకుంది. పరిమాణాల విషయంలో 15 అంకెల ఖచ్చితత్వం చాలా ఎక్కువ, కోట్ల కోట్ల మొత్తంలో చివరి అంకె ఒకటి తేడా వచ్చినా ఎవరికీ నష్టం లేదు. ఖాతా నంబరు మాత్రం పరిమాణం కాదు, అదొక పేరు, కాకపోతే అంకెలతో రాసిన పేరు. అందులో చివరి అంకె మారితే డబ్బు వేరే మనిషికి పోతుంది, లేదా ఎటూ పోకుండా తిరిగొస్తుంది.

అందుకని ఏ కాలమ్ మొదలుపెట్టినా ఒక ప్రశ్న వేసుకోండి: దీన్ని రెండుతో గుణిస్తే వచ్చేదానికి ఏమైనా అర్థం ఉంటుందా? జీతానికి ఉంటుంది. సెలవు రోజులకి ఉంటుంది. ఫోన్ నంబరుకి ఉండదు, సభ్యత్వ సంఖ్యకి ఉండదు, ఖాతా నంబరుకి ఉండదు. అర్థం లేనివన్నీ టెక్స్ట్ కాలమ్‌లు కావాలి, అదీ టైప్ చేయడానికి ముందే. కాలమ్ మొత్తం ఎంచుకుని ఫార్మాట్‌ని టెక్స్ట్‌గా పెట్టి, ఆ తర్వాత నంబర్లు ఎక్కించండి. ఒకటీ అరా అయితే నంబరు ముందు ఒక అపాస్ట్రఫీ గుర్తు పెట్టినా సరిపోతుంది, అది సెల్‌లో కనిపించదు. సున్నాతో మొదలయ్యే నంబర్లలో ఆ మొదటి సున్నా ఎగిరిపోవడం మీరు ఎప్పుడో ఒకప్పుడు చూసే ఉంటారు, దానికీ మూలం ఇదే, మందూ ఇదే.

తేదీల సంగతి దీనికన్నా ఘోరం, ఎందుకంటే కంటికి ఆనదు. ఎక్సెల్ లోపల తేదీ అంటే రోజుల లెక్క, 1900 జనవరి 1కి అది 1 అని మొదలుపెట్టి లెక్కిస్తూ పోతుంది. మీరు రోజు ముందు, నెల తర్వాత రాసే అలవాటున్నవారనుకుందాం, కంప్యూటర్ మాత్రం నెల ముందు అనుకునే సెట్టింగులో ఉందనుకుందాం. మీరు 3/4 అని కొడితే అది ఏప్రిల్ 3 బదులు మార్చి 4 అవుతుంది. 25/4 కొడితే 25వ నెల లేదు కాబట్టి దాన్ని తేదీగా తీసుకోకుండా ఉత్త అక్షరాలుగా వదిలేస్తుంది. అంటే ఒకే కాలమ్‌లో 12వ తేదీ దాకా వచ్చేవి తారుమారై ఉంటాయి, ఆ తర్వాతివి అసలు తేదీలే కాకుండా ఉంటాయి, పైకి మాత్రం చక్కగా ఒకే వరుసలో కనిపిస్తాయి. ఒక చిన్న ఆనవాలు ఉంది. మీరు ప్రత్యేకంగా అలైన్‌మెంట్ ఏదీ పెట్టకపోతే అంకెలూ తేదీలూ సెల్‌లో కుడి పక్కకి, అక్షరాలు ఎడమ పక్కకి జరుగుతాయి. తేదీల కాలమ్‌లో కొన్ని అటు, కొన్ని ఇటు ఉన్నాయంటే ఆ సెలవుల షీట్‌ని మొదటి నుంచీ సరిచూసుకోవాల్సిందే.

ఇలా ఇబ్బంది పడింది మీరొక్కరే అనుకోకండి. జన్యువుల మీద పరిశోధన చేసేవాళ్లు దీంతో ఏళ్ల తరబడి అవస్థ పడ్డారు. వాళ్లకి SEPT, MARCH అనే అక్షరాలతో మొదలయ్యే జన్యువుల పేర్లు ఉండేవి, అంటే సెప్ట్‌1, మార్చ్‌1 లాంటివి. జాబితాని ఎక్సెల్‌లో పెట్టగానే అవి సెప్టెంబరు 1, మార్చి 1 అయిపోయేవి. ఈ సమస్య గురించి 2004లోనే పత్రం వచ్చింది. 2016లో కొందరు పరిశోధకులు ఎక్సెల్ జాబితాలు జతచేసిన జన్యు పరిశోధన పత్రాలని వెతికి చూస్తే సుమారు ఐదింట ఒక వంతు పత్రాల్లో ఇలాంటి తప్పులు దొరికాయి. చివరికి 2020లో మనుషుల జన్యువులకి పేర్లు పెట్టే కమిటీయే దిగి వచ్చి ఆ పేర్లు మార్చింది, సెప్ట్‌1 కాస్తా సెప్టిన్‌1 అయింది. ఎక్సెల్‌లో ఈ మార్పులని ఆపుకునే సెట్టింగు 2023లో వచ్చింది. మీ దగ్గర కొత్త వెర్షన్ ఉంటే ఆప్షన్లలో డేటా విభాగంలో ఉంటుంది, చూడండి. మొదటి సున్నాలని తీసేయొద్దు, పొడవైన నంబర్లని కుదించొద్దు అని కూడా అక్కడ చెప్పొచ్చు.

ఇప్పుడు ఆ అబ్బాయి మాట. నలుగురి ముందూ అనడం తప్పు, అది వేరే సంగతి. కానీ అతను గీసిన గీత కూడా సరైన చోట లేదు. "ఉన్నది దీనికి కాదు" అనే మాట పట్టుకుంటే ఎక్సెల్‌తో చాలామంది చేసే పనుల్లో బోలెడు తప్పే అవుతాయి. 1979లో వచ్చిన విసికాల్క్, అంటే ఈ తరహా సాఫ్ట్‌వేర్లకి దారి వేసినది, వ్యాపార లెక్కల కోసం పుట్టింది. ఒక అంకె మారిస్తే దాని మీద ఆధారపడినవన్నీ వాటంతటవే మారాలి, ఆలోచన అదీ. గడులు కనిపించాక జనం వాటిలో జాబితాలు రాసుకున్నారు, టైమ్‌టేబుళ్లు వేసుకున్నారు. అందులో తప్పేమీ లేదు. చేసినవాళ్లు ఊహించని పనికి వాడటం వేరు, తప్పుగా వాడటం వేరు.

పైగా దేనికి చేశారో సరిగ్గా దానికే వాడినా ఎక్సెల్ మిమ్మల్ని కాపాడదు. 2012లో జేపీ మోర్గాన్ బ్యాంకు లండన్ విభాగానికి 600 కోట్ల డాలర్ల పైన నష్టం వచ్చినప్పుడు, తర్వాత ఆ బ్యాంకే చేయించిన విచారణలో ఒక విషయం బయటపడింది. రిస్కు ఎంత ఉందో లెక్కగట్టే పద్ధతిని వరసగా కొన్ని ఎక్సెల్ షీట్ల మీద, చేత్తో కాపీ పేస్ట్ చేస్తూ నడిపించారు. అందులో ఒకచోట రెండు రేట్ల సగటుతో భాగించాల్సింది వాటి మొత్తంతో భాగించారు, దాంతో ఉన్న రిస్కు తక్కువగా కనిపించింది. నష్టానికి కారణం ఇదొక్కటే కాదు, అది పెద్ద కథ. నేను చెప్పేది ఏమిటంటే అది అచ్చంగా లెక్కల పనే, ఎక్సెల్ చేయాల్సిన పనే, అయినా షీట్ నోరు మెదపలేదు.

నా దృష్టిలో అసలు అడగాల్సింది అదే. నేను పొరబడితే ఈ పనిముట్టు నాకు చెబుతుందా? స్క్రూడ్రైవర్‌తో బిగుసుకున్న మూత తీయబోతే అది వంగడమో జారడమో జరుగుతుంది, మన చేతికి వెంటనే తెలుస్తుంది. ఎక్సెల్ అలా కాదు. మీ అంకెని చెరిపేసి అక్కడ సున్నా పెట్టి, ఏమీ జరగనట్టు తర్వాతి సెల్‌కి వెళ్తుంది. తప్పు జరిగితే నోరెత్తని చోట, దాని బదులు చెప్పే ఏర్పాటు మనమే చేసుకోవాలి. అది చేసుకోగలిగినంత వరకు మీరు ఎక్సెల్‌లో ఏం పెట్టుకున్నా నాకు అభ్యంతరం లేదు.

ఆ ఏర్పాటు లేకపోతే ఎంత పెద్దవాళ్లైనా దెబ్బతింటారు. 2020 సెప్టెంబరు 25 నుంచి అక్టోబరు 2 దాకా ఇంగ్లండ్‌లో 15,841 కరోనా కేసులు రోజువారీ లెక్కలో చేరకుండా పోయాయి. ల్యాబుల నుంచి వచ్చిన ఫలితాలని పాత ఎక్స్‌ఎల్‌ఎస్ ఫార్మాట్ ఫైళ్లలోకి ఎక్కించేవారు. ఆ ఫార్మాట్‌లో 65,536 వరుసలకి మించి పట్టవు, పైగా ఒక్కో కేసు చాలా వరుసలు తీసుకునేది. ఫైల్ నిండాక వచ్చినవి లోపలికి రాలేదు. అంకెలని తర్వాత సరిదిద్దుకోవచ్చు, కానీ ఆ మనుషులతో దగ్గరగా మెలిగినవాళ్లకి సమయానికి కబురు అందలేదు, నాకు బాధ అనిపించేది అక్కడ. కొత్త ఫార్మాట్‌లో 10,48,576 వరుసలు పడతాయి, మీకు ఆ భయం లేదు. కానీ పంపినవి ఎన్ని, చేరినవి ఎన్ని అని రెండు అంకెలు పక్కపక్కన పెట్టి చూసే అలవాటు ఉంటే ఆ తేడా మొదటి రోజే దొరికేది. మీరూ ఆ ఒక్క అలవాటు చేసుకోండి. వేరే చోట నుంచి జాబితా తెచ్చుకున్న ప్రతిసారీ వరుసలు ఎన్నో, మొత్తం ఎంతో అక్కడ ఒకసారి, ఇక్కడ ఒకసారి చూడండి. ఖాతా నంబర్ల పక్కన అంకెలు లెక్కపెట్టే LEN ఫార్ములా ఒక కాలమ్‌లో పెట్టుకోండి, 16 ఉండాల్సిన చోట 15 కనిపిస్తే అప్పుడే తెలుస్తుంది. అయితే మీకొచ్చిన సున్నాల జబ్బు దీనికి దొరకదు, ఎందుకంటే అంకెల సంఖ్య మారదు. దానికి మందు ముందుగా టెక్స్ట్ పెట్టుకోవడం ఒక్కటే.

బయటి నుంచి వచ్చే సీఎస్‌వీ ఫైళ్లని (విలువలని కామాలతో విడదీసి రాసిన మామూలు టెక్స్ట్ ఫైళ్లు) డబుల్ క్లిక్ చేసి తెరవకండి. అలా తెరిస్తే ఎక్సెల్ తనకి తోచినట్టు అన్నింటినీ మార్చుకుంటుంది, మీరు సేవ్ చేశారంటే అసలు ఫైలే పాడవుతుంది. ఖాళీ షీట్ తెరిచి డేటా మెనూలోంచి తెచ్చుకుంటే ఏ కాలమ్ టెక్స్ట్‌గా రావాలో మీరే చెప్పొచ్చు. సార్ట్ చేసేటప్పుడు ఇంకో చిక్కు ఉంది. పట్టిక మధ్యలో పూర్తిగా ఖాళీ కాలమ్ ఒకటి ఉంటే, ఎక్సెల్ దానికి ఇటు ఉన్నదాన్నే పట్టిక అనుకుని అంతవరకే సార్ట్ చేస్తుంది. పేర్లు ఒక క్రమంలోకి వెళ్తాయి, వాటి చెల్లింపులు పాత క్రమంలోనే ఉండిపోతాయి. అందం కోసం మధ్యలో వదిలిన ఖాళీ కాలమ్‌లుంటే తీసేయండి. వేరే పట్టికలోంచి వివరం వెతికి తెచ్చే VLOOKUP ఫార్ములా వాడుతుంటే చివర్న FALSE అని రాయడం మర్చిపోకండి, అది లేకపోతే మీరడిగిన పేరు దొరకనప్పుడు దగ్గర్లో ఉన్న ఇంకోదాన్ని తెచ్చి చూపించే అవకాశం ఉంది.

సభ్యుల వివరాలున్నాయన్నారు కాబట్టి ఇంకో మాట, ఇది మీరు అడగలేదు. కాలమ్‌ని హైడ్ చేస్తే, షీట్‌ని హైడ్ చేస్తే అది దాచినట్టు కాదు. ఫైల్ అందుకున్నవాళ్లు రెండు క్లిక్కుల్లో తెరిచేస్తారు. 2023 ఆగస్టులో ఉత్తర ఐర్లండ్ పోలీసు శాఖ సమాచార హక్కు కింద వచ్చిన ఒక అర్జీకి జవాబుగా పంపిన ఫైల్‌లో హైడ్ చేసిన షీట్ ఒకటి అలాగే వెళ్లిపోయింది. దాదాపు 9,500 మంది పోలీసుల, సిబ్బంది వివరాలు బయటపడ్డాయి, అక్కడ పోలీసు ఉద్యోగమని తెలిస్తేనే ప్రాణభయం ఉన్నవాళ్లున్నారు. షీట్‌కి పెట్టే ప్రొటెక్ట్ పాస్‌వర్డ్ కూడా పొరపాటున ఎవరూ మార్చకుండా ఉండటానికే గానీ రహస్యం కాపాడటానికి కాదు. బయటికి పంపాలంటే అవసరమైన కాలమ్‌లు మాత్రమే కొత్త ఫైల్‌లోకి తీసుకుని అది పంపండి.

ఇక అన్నీ తీసేయాలా అన్నారు. అక్కర్లేదు. చెల్లింపుల లెక్కలు ఎక్సెల్‌లోనే ఉంచండి, అది వాటికి చాలా మంచి చోటు. సెలవులు కూడా ఉంచుకోవచ్చు, తేదీలు సరిచేశాక. మీటింగ్ నోట్స్ మాత్రం మామూలు డాక్యుమెంట్‌లోకి మార్చేయండి, సెల్‌లో ఇరికించిన పేరాలు మీరే మళ్లీ చదవలేరు. మిగిలింది సభ్యుల జాబితా. దాని గురించి నిజంగా ఆలోచించాలి. ఒకే మనిషి చిరునామా మూడు షీట్లలో ఉందా? ఇల్లు మారితే మూడు చోట్లా మారుస్తున్నారా? ఒకరికి మించి అందులో రాస్తున్నారా, ఎవరి కాపీ తాజాదో తెలియని రోజులున్నాయా? వీటిలో రెండింటికి అవునని జవాబొస్తే ఆ జాబితా డేటాబేస్‌లో ఉండాల్సిందే, అక్కడ ఆ అబ్బాయి చెప్పింది నిజం. అందులో మనిషి వివరం ఒక్కచోటే ఉంటుంది, ఖాతా నంబరు కాలమ్‌ని టెక్స్ట్ అని ముందే నిర్ణయిస్తే అది టెక్స్ట్‌గానే ఉంటుంది, తేదీ ఉండాల్సిన చోట ఇంకేదైనా కొడితే తీసుకోనని చెబుతుంది. అలా రాకపోతే, ఒక్కరే రాసే ఒక్క షీట్‌గా దాన్ని ఉంచుకోండి, ఎవరేమన్నా.

డేటాబేస్ పనైతే అతన్నే అడగండి. తెలిసినవాడిలా ఉన్నాడు, అన్నమాటకి బాధ్యత కూడా తీసుకోనివ్వండి. ఏ కాలమ్‌లో ఏముందో, ఏ సభ్యుడి వివరం ఎందుకు రెండుసార్లు ఉందో అతనికి తెలియదు, మీకు తెలుసు, కాబట్టి పక్కన కూర్చుని మీరే చెప్పాలి. అది తయారై, పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టి సభ్యుల సంఖ్య, ఖాతా నంబర్లు సరిపోయాయని మీరు చూసుకునే దాకా పాత షీట్ డిలీట్ చేయనివ్వకండి. మీ మేనేజర్ 16 అంకెలు కొట్టి చూశాక మీ మీద వేసిన మాట వెనక్కి తీసుకోమని అడగండి, ఆ మాట ఎవరి ముందు అన్నారో వాళ్ల ముందే.